గేర్ రాడ్ లొడలొడ పోగొట్టి బిగువు తెచ్చుకోవడం ఎలా? కేబుల్ షిఫ్టర్ కార్లకు సమగ్ర మార్గదర్శి

ఐదారేళ్లు బాగా తిరిగిన హ్యాచ్‌బ్యాక్‌లో కూర్చుని, ఇంజిన్ ఆపి, మూడో గేర్ వేసి, రాడ్‌ను రెండు వేళ్లతో ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. గేర్ పడే ఉన్నా రాడ్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లోనైతే చెప్పక్కర్లేదు. హైవే మీద ఐదు నుంచి నాలుగుకు దించబోతే ఎక్కడ రెండులో పడుతుందోనని టెన్షన్. షెడ్‌కి తీసుకెళితే సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వినాల్సి వస్తుంది. ఒకటి, “అన్ని బండ్లూ ఇంతే సార్”. రెండోది, “గేర్ బాక్స్ దించాలి సార్”. చాలాసార్లు ఈ రెండూ నిజం కాదు. లూజు ఉండేది గేర్ బాక్స్‌కీ మీ చేతికీ మధ్యనున్న నాలుగైదు రబ్బరు, ప్లాస్టిక్ ముక్కల్లో. వాటిని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. గేర్ బిగువుగా పడటం వేరు, బరువుగా పడటం వేరు. బిగువు అంటే మీ చేయి కదిలిన వెంటనే గేర్ బాక్స్ మీది లివర్ కూడా కదలడం, గేర్ పడినప్పుడు ఆ ‘టక్’ మీ అరచేతికి తెలియడం. బరువు అంటే అదే పనికి ఎక్కువ బలం పెట్టాల్సి రావడం. మార్కెట్లో ‘స్పోర్టీ’ పేరుతో అమ్మే చాలా వస్తువులు బరువు పెంచుతాయి, లూజు మాత్రం అలాగే ఉంటుంది. ముందు లూజు తీసేయాలి. అది తీసేశాక సగం మందికి మిగతా మార్పులు అవసరమే అనిపించవు.

అసలు లూజు ఎక్కడ పుడుతుంది

ఇప్పటి చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, గేర్ బాక్స్ దాని పక్కనే బానెట్ కింద ఉంటుంది. రాడ్ ఏమో క్యాబిన్‌లో. ఈ రెండింటినీ కలిపేవి రెండు కేబుళ్లు. ఒకటి రాడ్‌ను ఎడమకీ కుడికీ కదిపినప్పుడు పనిచేస్తుంది. 1-2 వరస కావాలా, 3-4 వరస కావాలా, 5 వైపా అన్నది అదే ఎంచుతుంది. రెండోది ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు పనిచేసి గేర్‌ను నిజంగా వేస్తుంది. స్విఫ్ట్, ఐ20, పోలో, సిటీ, అన్నీ ఈ పద్ధతివే. ఈ వ్యాసంలోని పని ప్రధానంగా వీటి గురించే. పాత మారుతి 800, జెన్, ఎస్టీమ్‌లలో కేబుళ్ల బదులు ఇనుప రాడ్ల లింకేజ్ ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. జిప్సీ లాంటి బండ్లలో రాడ్ నేరుగా గేర్ బాక్స్‌లోకే దిగుతుంది కాబట్టి వాటి లెక్క వేరు.

కేబుల్ అంటే లోపల ఒక తీగ, బయట ఒక తొడుగు. తీగ నెట్టినా లాగినా పని జరగాలంటే తొడుగు రెండు చివరలా కదలకుండా ఉండాలి. ఒక చివర గేర్ బాక్స్ మీది బ్రాకెట్‌లో, ఇంకో చివర క్యాబిన్‌లో షిఫ్టర్ బేస్‌లో తొడుగు బిగించి ఉంటుంది. ఇంజిన్ వణుకు క్యాబిన్‌లోకి రాకూడదని కంపెనీలు ఈ పట్టు దగ్గర రబ్బరు పెడతాయి. తీగ చివరన ఉండే కన్నాల్లో కూడా రబ్బరు బుష్ గానీ ప్లాస్టిక్ బుష్ గానీ (పిన్ను చుట్టూ పట్టుకునే చిన్న గొట్టం లాంటి ముక్క) ఉంటుంది. షిఫ్టర్ బేస్‌ను ఫ్లోర్‌కి బిగించే బోల్టుల దగ్గరా రబ్బరే. కొత్తలో ఇదంతా మెత్తగా, సుఖంగా ఉంటుంది. బానెట్ కింది వేడికి, మన ఎండలకు ఏళ్లు గడిచేసరికి రబ్బరు గట్టిపడి పగులుతుంది, లేదా ఆయిల్ తగిలి ఉబ్బి మెత్తబడుతుంది.

లూజు చిన్నదైనా చేతికి పెద్దగా ఎందుకు తెలుస్తుందంటే, రాడ్ ఒక లివర్. ఉదాహరణకు పైన నాబ్ (చేత్తో పట్టుకునే పిడి) నుంచి కీలు (రాడ్ తిరిగే చోటు) దాకా 300 మి.మీ., కీలు నుంచి కింద కేబుల్ తగిలే చోటికి 60 మి.మీ. అనుకుందాం. నిష్పత్తి 5. అంటే కేబుల్ చివర 2 మి.మీ. లూజు ఉంటే మీ చేతి దగ్గర అది 10 మి.మీ. అవుతుంది. షిఫ్టర్ బేస్ ఊగినా ఇంతే. ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య 120 మి.మీ. దూరం ఉండి, రాడ్ నెట్టినప్పుడు ముందు రబ్బరు 1 మి.మీ. నొక్కుకుని వెనకది 1 మి.మీ. లేస్తే, 300 మి.మీ. పైన ఉన్న నాబ్ ఊరికే 5 మి.మీ. జరుగుతుంది. అందుకే ఈ పనిలో చిల్లర రబ్బరు ముక్కలకే పెద్ద విలువ.

పానా పట్టే ముందు పరీక్షలు

ముందు అసలు రోగం షిఫ్టర్‌దేనా అని తేల్చుకోండి. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి మళ్లీ వేయండి. ఆపినప్పుడు హాయిగా పడి, ఆన్‌లో మాత్రం మొండికేస్తే అది క్లచ్ పూర్తిగా విడవడం లేదన్న సూచన. బండి ఆగి ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అంత ఆగినా గరగరమంటే క్లచ్ సంగతి చూడాలి. హైడ్రాలిక్ అయితే గాలి చేరిందా, కేబుల్ క్లచ్ అయితే అడ్జస్ట్‌మెంట్ పోయిందా అన్నది ముందు చూడండి. ఒకే ఒక్క గేర్‌కి, సాధారణంగా రెండోదానికి, రన్నింగ్‌లో కరకర శబ్దం వస్తే అది సింక్రోనైజర్ (గేర్ పడేముందు రెండు గేర్ల వేగాన్ని సరిపోల్చే భాగం) అరుగుదల. బుష్‌లు మార్చినా పోదు. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా రాడ్ దానంతటదే ముందుకూ వెనక్కూ కదులుతుంటే ఇంజిన్ మౌంట్లను అనుమానించండి.

ఇవేవీ కాకపోతే లూజు పట్టుకునే పరీక్షకు ఇంకో మనిషి కావాలి. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపే ఉంచి, లోపల కూర్చున్నవారిని రాడ్ మెల్లగా కదపమనండి. మీరు గేర్ బాక్స్ మీద కేబుళ్లు తగిలే రెండు లివర్లను చూస్తూ ఉండండి. టార్చ్ తప్పనిసరి. తీగ కదిలి లివర్ కదలకపోతే కన్నంలోని బుష్ పోయింది. తొడుగు బ్రాకెట్‌లోనే ముందుకూ వెనక్కూ జరుగుతుంటే అక్కడి రబ్బరు పోయింది. ఈ రెండూ సరిగా ఉండి రాడ్ కదలిక మొదట్లో ఇక్కడ ఏమీ కదలకపోతే, లూజు క్యాబిన్ లోపలే ఉంది. అప్పుడు రాడ్ చుట్టూ ఉండే తొడుగు తీసి, బేస్ అంచు మీద వేలు పెట్టి మళ్లీ కదపమనండి. బేస్ లేస్తోందా, లేక కీలు దగ్గర ప్లాస్టిక్ కప్పులో గుండు కదులుతోందా అన్నది వేలికే తెలిసిపోతుంది.

కన్సోల్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, మూడో గేర్‌లో నాబ్ ఎంత ఊగుతోందో పెన్నుతో రెండు గీతలు గీసి పెట్టుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి కొలత లేదు. చేతి అనుభూతిని నమ్ముకుంటే డబ్బు పెట్టిన ప్రతిదీ బాగున్నట్టే అనిపిస్తుంది.

జాగ్రత్తలు, సామాను

కారు చదునైన నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లో చెక్కలో పెట్టండి. కేబుల్ ఊడదీశాక రాడ్ ఏ స్థానంలో ఉన్నా బండి గేర్‌లో ఉందో లేదో చెప్పలేం. అందుకే గేర్‌ను నమ్ముకుని బండి నిలపకూడదు. కిందికి దూరాల్సి వస్తే జాకీ మీదున్న బండి కిందికి మాత్రం వద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. సైలెన్సర్ పైపు చాలా కార్లలో షిఫ్టర్ బేస్ కిందుగానే వెళుతుంది, బండి పూర్తిగా చల్లారాకే అక్కడ చేయి పెట్టండి.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో సెంటర్ కన్సోల్ కింద, షిఫ్టర్‌కి దగ్గర్లోనే ఫ్లోర్‌కి బిగించి ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా దాని పక్కన సుత్తితో కొట్టడం, దాని బోల్టులు వదులు చేయడం ప్రమాదం. కన్సోల్ విప్పే పని ఉంటే బ్యాటరీ నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనపడితే వాటి జోలికి వెళ్లకండి.

పానాల సెట్టు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), నోస్ ప్లయర్, వెర్నియర్ (మందం, వ్యాసం కొలిచే సాధనం), పెయింట్ మార్కర్, సిలికాన్ గ్రీజు, లిథియం గ్రీజు, రెండు పాత గుడ్డలు ఉంటే చాలు. రబ్బరు తగిలే చోట సిలికాన్ గ్రీజే వాడండి. మామూలు పెట్రోలియం గ్రీజు కొన్ని రకాల రబ్బర్లను ఉబ్బిస్తుంది. లోహానికి లోహం, లోహానికి ప్లాస్టిక్ రాసుకునే చోట లిథియం గ్రీజు సరిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయడం గ్రీజు పెట్టడం కిందికి రాదు. అది ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది.

మొదటి పని: గేర్ బాక్స్ వైపు బుష్‌లు

గేర్ బాక్స్ పైభాగం కనపడాలంటే చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలి, కొన్నింటిలో బ్యాటరీ, దాని ట్రే కూడా. తీసిన పైపు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క వాషర్ ఇంజిన్‌లో పడితే ఆ రోజు మరో పని ఉండదు. ముట్టుకునే ముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఏ కేబుల్ ఏ లివర్‌దో మార్కర్‌తో గుర్తు పెట్టండి. అడ్జస్ట్ చేసుకునే ఏర్పాటున్న కేబుల్ అయితే దాని ఇప్పటి స్థానం మీద కూడా ఒక గీత గీయండి.

కేబుల్ కన్నం లివర్ పిన్ను మీద కూర్చుని ఉంటుంది. జారిపోకుండా స్ప్లిట్ పిన్, వాషర్ గానీ, చిన్న లాక్ గానీ ఉంటుంది. కొన్నింటిలో బుష్ నొక్కుడు మీదే నిలబడుతుంది, స్క్రూడ్రైవర్ రెండు వైపుల నుంచీ సమంగా పెట్టి లేపాలి. ఒకే వైపు తన్నితే ప్లాస్టిక్ కన్నం విరుగుతుంది. అది విరిగితే కేబుల్ మొత్తం కొనాలి.

బుష్ చేతిలోకి వచ్చాక వెలుతురులో పట్టుకుని చూడండి. కొత్త బుష్ రంధ్రం గుండ్రంగా ఉంటుంది. అరిగినది కోలగా సాగి ఉంటుంది, ఆ కోల కూడా కేబుల్ లాగే దిశలోనే ఉంటుంది. లోపలి అంచు గాజులా మెరుస్తుంటే పిన్ను దాన్ని రాసీ రాసీ నున్నగా చేసిందని అర్థం. పిన్నును కూడా వెర్నియర్‌తో రెండు దిశల్లో కొలవండి. పిన్నే అరిగి ఉంటే కొత్త బుష్ వేసినా లూజు మిగులుతుంది.

కొన్ని కార్లకు ఈ బుష్ విడిగా దొరకదు, కేబుల్‌తో కలిపే అమ్ముతారు. అప్పుడు రెండు దారులు. ఒకటి, మీ మోడల్‌కి పాలీయురేథేన్ (రబ్బరు కన్నా గట్టిగా ఉండే ప్లాస్టిక్) బుష్‌లు అమ్మేవారి దగ్గర కొనడం. రెండోది, కొలతలు రాసుకుని లేత్ వర్క్స్‌కి వెళ్లడం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో గానీ ఇలాంటి చిన్న పని చేసిపెట్టే లేత్‌లకు కొదవ లేదు. డెల్రిన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) కడ్డీ అడగండి. నైలాన్ కూడా పనిచేస్తుంది కానీ అది తేమ పీల్చుకుని కొంచెం ఉబ్బుతుంది, డెల్రిన్‌కి ఆ బెడద బాగా తక్కువ. పాత బుష్, వీలైతే లివర్ కూడా పట్టుకెళ్లండి. “అందాజుగా చేసేద్దాం” అనే మాట వినగానే వెర్నియర్ చేతికివ్వండి.

తొడుగును పట్టుకునే బ్రాకెట్ దగ్గర మాత్రం పూర్తి లోహపు బుష్ వేయమని నేను చెప్పను. గేర్ బాక్స్ ఇంజిన్‌తో పాటు వణుకుతుంటుంది. అక్కడ మెత్తదనం మొత్తం తీసేస్తే ఆ కూత కేబుల్ వెంట క్యాబిన్‌లోకి వస్తుంది. కొత్త రబ్బరు వేసినా చాలు, ఇంకా బిగువు కావాలంటే పాలీయురేథేన్. ఖాళీ రోడ్డు మీద రోజూ నడిపే కారులో గేర్ బాక్స్ కూత ఒక్కసారి చెవిన పడిందంటే ఇక రేడియో ఆపినప్పుడల్లా అదే వినపడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు స్ప్లిట్ పిన్, లాక్ కొత్తవే వేయండి. తర్వాత అడ్జస్ట్‌మెంట్. చాలా కార్లలో వరస ఇదే: గేర్ బాక్స్ న్యూట్రల్‌లో, రాడ్ న్యూట్రల్ మధ్యలో. షిఫ్టర్ హౌసింగ్‌లో దీనికోసమే ఒక రంధ్రం ఉంటే అందులో పిన్ను గుచ్చి రాడ్‌ను కదలకుండా ఆపాలి, కేబుల్ లాక్ వదిలి దానంతటది సర్దుకోనివ్వాలి, మళ్లీ లాక్ వేయాలి. అడ్జస్ట్‌మెంట్ లేని కేబుళ్లకు ఈ తంటా లేదు. ఏదైనా సరే, ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ, రివర్స్‌తో సహా, పూర్తిగా పడుతున్నాయా అని చూడకుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బా పెట్టకండి.

రెండో పని: షిఫ్టర్ బేస్

తేడా అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది ఇక్కడే. ఖర్చు కూడా తక్కువే. కన్సోల్ తీశాక షిఫ్టర్ బేస్ నాలుగు బోల్టుల మీద కూర్చుని కనపడుతుంది. ప్రతి బోల్టు చుట్టూ ఒక రబ్బరు, దాని మధ్యలో ఒక లోహపు స్లీవ్ (చిన్న గొట్టం). బోల్టు ఎంత బిగించినా అది స్లీవ్‌ను మాత్రమే నొక్కుతుంది, రబ్బరు తన మెత్తదనం తను ఉంచుకుంటుంది. అందుకే “బోల్టులు గట్టిగా బిగించాం సార్” అన్నా లూజు పోదు.

అతి తక్కువ ఖర్చుతో అయ్యే ఉపాయం వాషర్లు. స్లీవ్ బయటి కొలత కన్నా కాస్త పెద్ద రంధ్రం ఉన్న 1 నుంచి 1.5 మి.మీ. మందం వాషర్‌ను స్లీవ్ చుట్టూ, రబ్బరు మీద కూర్చోబెట్టాలి. ఇప్పుడు బోల్టు తల వాషర్‌ను, వాషర్ రబ్బరును నొక్కుతాయి. చివరికి బోల్టు స్లీవ్ మీదే ఆగుతుంది. రబ్బరు ముందే నొక్కుకుని ఉండటంతో బేస్ ఊగడం బాగా తగ్గుతుంది, వణుకును ఆపే గుణం పూర్తిగా పోదు. వాషర్ రంధ్రం చిన్నదై స్లీవ్ మీదే కూర్చుంటే ఫలితం సున్నా. బోల్టు తల వాషర్ రంధ్రంలోంచి జారిపోయేంత చిన్నదైతే పైన ఇంకో మామూలు వాషర్ వేయండి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకి నా సలహా అడిగితే ఇక్కడితో ఆగమంటాను.

ఇంకా కావాలనుకునేవాళ్లు రబ్బరు మొత్తం తీసి డెల్రిన్ లేదా అల్యూమినియం బుష్ వేయించుకోవచ్చు. టోపీ ఆకారంలో రెండు ముక్కలు, ఒకటి పై నుంచి, ఒకటి కింది నుంచి బేస్ రంధ్రంలోకి దిగాలి, మధ్యలో స్లీవ్. ఇక్కడ కొలతే అంతా. స్లీవ్ ఎత్తు రెండు టోపీల మొత్తం ఎత్తు కన్నా 0.1 నుంచి 0.2 మి.మీ. తక్కువ ఉండాలి. అప్పుడు బిగించగానే టోపీలు బేస్‌ను కొద్దిగా అదిమి పడతాయి. స్లీవ్ పొడవెక్కువైతే బేస్ ఆడుతుంది. మరీ తక్కువైతే బిగింపు భారమంతా ప్లాస్టిక్ బేస్ మీద పడి అది చీలుతుంది. చాలా కార్లలో బేస్ ప్లాస్టిక్‌దేనన్నది మర్చిపోవద్దు. బోల్టుల టార్క్ మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. అది అందకపోతే 8.8 గ్రేడ్ ఎం6 బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, ఎం8 బోల్టుకు 25 న్యూటన్ మీటర్లు దాటొద్దు. ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించండి.

బేస్ విప్పినప్పుడే కీలు దగ్గర గుండు, కప్పు చూడండి. పాత గ్రీజు దుమ్ముతో కలిసి నల్లగా, గట్టిగా అయి ఉంటుంది. అదంతా తుడిచి కొత్త గ్రీజు పెట్టండి. కప్పు చీలి ఉంటే మార్చడమే మార్గం. కప్పుకీ గుండుకీ మధ్య ప్లాస్టిక్ షీట్ ముక్క ఇరికించే చిట్కా కొందరు చెబుతారు. అది కొన్నాళ్లకు మడతపడి గేర్ మధ్యలోనే పట్టేస్తుంది, వద్దు. రాడ్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగ్ సాగిపోయి ఉంటే కంపెనీ స్ప్రింగే వేయండి. మరీ గట్టి స్ప్రింగ్ పెడితే 3-4 వరస సులువుగానే దొరుకుతుంది కానీ ఐదో గేర్‌కి తోసిన ప్రతిసారీ అది చేతిని వెనక్కి నెడుతుంది.

కిందినుంచి సైలెన్సర్ వేడి తగలకుండా ఉన్న రేకు విప్పాల్సి వస్తే దాన్ని మళ్లీ పెట్టే తీరాలి. అది లేకుండా తిరిగితే కొత్త బుష్‌లు కూడా ఎక్కువ కాలం నిలవవు.

ఇంజిన్ మౌంట్లు, గేర్ ఆయిల్

అడ్డంగా ఉన్న ఇంజిన్ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక్కి ఒరగాలని చూస్తుంది. దాన్ని కిందుగా పట్టి ఉంచేది టార్క్ రాడ్. దాని రబ్బరు చీలితే గేర్ మార్చే క్షణంలో ఇంజిన్, దానితో గేర్ బాక్స్, దానితో కేబుళ్లు అన్నీ ఊగుతాయి. కొత్తది వేయగానే గేర్లు శుభ్రంగా పడటం మొదలవుతుంది. పాలీయురేథేన్ ఇన్సర్ట్‌లు కూడా దొరుకుతాయి కానీ మూడు సిలిండర్ల ఇంజిన్ ఉన్న కారులో అది పెడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్, సీటు, అద్దం కలిసి వణుకుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి కొంత భరించవచ్చు.

గేర్ ఆయిల్ వల్ల లూజు పోదు, కానీ గేర్ పడే తీరు మారుతుంది. పొద్దున్నే మొదటి రెండు కిలోమీటర్లూ రెండో గేర్ మొండికేస్తుంటే పాత ఆయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. మాన్యువల్‌లో జీఎల్-4 (గేర్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు) అని ఉంటే జీఎల్-4 వేయండి. అంకె పెద్దది కదా అని జీఎల్-5 పోయించడం పొరపాటు. అది ప్రధానంగా వెనక యాక్సిల్‌లోని హైపాయిడ్ గేర్ల కోసం చేసినది. సింక్రోనైజర్ పనిచేయడానికి కొంత రాపిడి కావాలి, జీఎల్-5లోని మందులు ఆ రాపిడిని తగ్గిస్తాయి, కొన్ని రకాలు ఇత్తడి రింగులనూ తింటాయి. ఆయిల్ తీసేటప్పుడు ముందు పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది ప్లగ్ విప్పండి. ఉన్నదంతా కారిపోయాక పై ప్లగ్ పట్టేసిందని తెలిస్తే బండి షెడ్‌కి కూడా కదలదు. కింది ప్లగ్ అయస్కాంతం మీద సన్నని బూడిద రంగు ముద్ద ఉండటం మామూలే. ముక్కలు, రజను కనపడితే ఈ వ్యాసం పక్కన పెట్టి గేర్ బాక్స్ తెలిసిన మనిషిని వెతకండి.

నాబ్ మార్చాలా

బరువైన నాబ్ లూజు తీయదు. కానీ లూజు పోయిన షిఫ్టర్‌కి అది బాగా కుదురుతుంది. చేయి ఇచ్చిన ఊపును ఆ బరువు కొనసాగించి, గేర్ గాడిలో పడేముందు వచ్చే చిన్న అడ్డును దాటిస్తుంది. కొనేముందు మర చూసుకోండి. హోండాలకు సాధారణంగా ఎం10×1.5 (10 మి.మీ. వ్యాసం, మర చుట్ల మధ్య 1.5 మి.మీ.), టొయోటాలకు ఎం12×1.25 ఉంటుంది. పోలో లాంటి ఫోక్స్‌వ్యాగన్ కార్లలో మరే ఉండదు, నాబ్ నొక్కి క్లిప్‌తో పడతారు. మీ కారులో రివర్స్ కోసం నాబ్ కింద రింగు పైకి లాగే ఏర్పాటుంటే బయటి నాబ్ పెట్టాలన్న ఆలోచన మానుకోవడం మేలు. ఆ రింగు పనిచేయకపోతే రివర్సే పడదు, లేదా పడకూడనప్పుడు పడే ప్రమాదం ఉంటుంది.

స్టీల్, అల్యూమినియం నాబ్‌లు ఫోటోల్లో అందంగా ఉంటాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారెక్కి దాన్ని పట్టుకుంటే అరచేయి చుర్రుమంటుంది. తోలు తొడుగున్నదో, లోపల బరువుండి పైన ప్లాస్టిక్ ఉన్నదో చూడండి.

షార్ట్ షిఫ్టర్: లెక్క తెలిసి చేయండి

షార్ట్ షిఫ్టర్ అంటే గేర్ వేయడానికి రాడ్ కదలాల్సిన దూరాన్ని తగ్గించే మార్పు. అందరూ మొదట అడిగేది ఇదే, నేను చివర పెట్టింది కూడా కావాలనే. పైన చెప్పిన లివర్ లెక్కే మళ్లీ తీసుకుందాం. గేర్ పడటానికి కేబుల్ 12 మి.మీ. కదలాలనుకుంటే, 300:60 నిష్పత్తిలో నాబ్ 60 మి.మీ. కదలాలి. రాడ్‌ను 50 మి.మీ. కోసి 250 చేస్తే నాబ్ 50 మి.మీ. కదిలితే చాలు. కీలు కింది భాగాన్ని 60 నుంచి 72కి పెంచినా ఫలితం అదే. కానీ రెండింట్లోనూ చేయి పెట్టాల్సిన బలం 20 శాతం పెరుగుతుంది. దూరం తగ్గితే బలం పెరగాల్సిందే, ఏ కంపెనీ కిట్ కొన్నా దీన్ని తప్పించుకోలేం.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లూజు తీయకుండా షార్ట్ షిఫ్టర్ పెడితే 60 మి.మీ. కదలికలో 10 మి.మీ. ఊగిసలాట కాస్తా 50లో 8.3 మి.మీ. అవుతుంది, అంటే నిష్పత్తిలో లూజు అంతే ఉంది, బరువు మాత్రం పెరిగింది. అదీకాక దూరం తగ్గిందని చేయి తొందరపడుతుంది. రెండు గేర్ల వేగం సరిపోల్చడానికి సింక్రోనైజర్‌కి కావలసిన సమయం మాత్రం అదే. బలవంతంగా నూకితే రింగు అరుగుతుంది. ఇరుకు ట్రాఫిక్‌లో రోజుకు వందలసార్లు ఒకటీ రెండూ మార్చేవారికి 20 శాతం అదనపు బలం సాయంత్రానికి మోచేతిలో తెలుస్తుంది.

అయినా కావాలంటే రాడ్ కోయడం కన్నా మీ మోడల్‌కే చేసిన కిట్ తీసుకోండి. కోసిన రాడ్‌కి మళ్లీ మర వేయించుకోవాలి, రివర్స్ రింగు తీగ ఉంటే అదీ కుదించాలి, తర్వాత నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి లేదు. కోసి వెల్డింగ్ పెట్టిన రాడ్ చేతిలో విరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. కిట్ పెట్టాక ఒకటో గేర్‌లో, ఐదో గేర్‌లో రాడ్ ఎక్కడా కన్సోల్ అంచుకు తగలకుండా పూర్తిగా వెళుతోందా చూడాలి. రాడ్ చుట్టూ ఉండే తొడుగు గానీ కన్సోల్ గానీ అడ్డుపడి గేర్ ముప్పాతిక మాత్రమే పడితే, లోడ్ మీద అది జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంది.

పాత రాడ్ లింకేజ్ కార్ల వాళ్లకు

800, జెన్, ఎస్టీమ్ ఉన్నవాళ్లకు పని బండి కిందే. గేర్ బాక్స్ నుంచి షిఫ్టర్ దాకా ఒక కంట్రోల్ రాడ్, దానికి తోడుగా ఒక ఎక్స్‌టెన్షన్ రాడ్ ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ రాడ్ చివరి రబ్బరు, కంట్రోల్ రాడ్ కీళ్లలోని బుష్‌లు, షిఫ్టర్ కింది ప్లాస్టిక్ సీటు, ఈ మూడు చోట్లే అరుగుదల. కింద ఉండటం వల్ల వాన నీళ్లు, బురద నేరుగా తగులుతాయి కాబట్టి బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. బుష్‌లు విడిగానే దొరుకుతాయి, సెట్టు మొత్తం ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, రెండు పాతవి ఉంటే తేడా దాదాపు తెలియదు.

అన్నీ అయ్యాక

బ్యాటరీ తగిలించాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోతోందా అని మొదట చూడండి. ఆరకుండా ఉండిపోతే కన్సోల్ కింద ఏదో కనెక్టర్ సరిగా కూర్చోలేదు. తర్వాత జనం లేని రోడ్డు మీద ఒక్కో గేర్ ఎక్కిస్తూ, దించుతూ చూడండి. ప్రతి గేర్‌లోనూ ఒకసారి యాక్సిలరేటర్ తొక్కి వదిలి, గేర్ జారడం లేదని నిర్ధారించుకోండి. మాస్కింగ్ టేప్ మీది పాత గీతలతో కొత్త ఊపును పోల్చండి. కొత్త శబ్దం ఏదైనా వస్తే ఏ వేగంలో, ఏ గేర్‌లో వస్తోందో గుర్తుపెట్టుకోండి. బేస్ నుంచి వచ్చేదైతే కన్సోల్ మీద చేయి పెట్టి నొక్కగానే మారుతుంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులను అడ్డుకుంటుంది. బుష్‌లు, నాబ్ ఆర్సీలో ఉండే సంగతులు కావు. వారంటీ మాత్రం వేరే విషయం. కొత్త కారుకి షార్ట్ షిఫ్టర్ పెట్టి, ఏడాదికి సింక్రోనైజర్ పోయిందని సర్వీస్ సెంటర్‌కి వెళితే వాళ్లు మొదట చూపించేది దాన్నే. వారంటీలో ఉన్న బండికి వాషర్ల ఉపాయం దాటి వెళ్లకండి. అదీ కావాలంటే మళ్లీ తీసేయొచ్చు.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక బేస్ బోల్టుల టార్క్ మళ్లీ ఒకసారి చూడాలి, ప్లాస్టిక్ బుష్‌లు సర్దుకోవడం వల్ల అవి కొద్దిగా వదులవుతాయి. తీసిన రబ్బరు బుష్‌లను, స్లీవ్‌లను ఒక కవర్‌లో వేసి, మోడల్ పేరు రాసి డిక్కీలో స్టెప్నీ పక్కన పడేయండి. బండి అమ్మేటప్పుడు కొనేవారికి మెత్తటి గేరే కావాలంటే అరపూటలో మళ్లీ బిగించి ఇచ్చేయొచ్చు.